హార్మోను పరీక్షలును సంతానారోగ్యమును: ఒక సమీక్ష

పెండ్లియై రెండేండ్లు గడచినను కడుపు పండలేదని గాని, నెలసరి వేళ తప్పుచున్నదని గాని, గడ్డముపై వెండ్రుకలు మొలచుచున్నవని గాని వైద్యుని కడకు పోయిన యువతికి నేడు మొట్టమొదట చేతికందునది రక్తపరీక్షల పట్టిక. మరునాటి సాయంకాలమునకు ఫలితములు ఆమె ఫోనులోనికే వచ్చి చేరును. వైద్యుడు చూడకమునుపే ఆమె చూచును, భర్త చూచును, అత్తగారును చూతురు. ఒక ప్రక్క పరీక్ష పేరు, నడుమ ఒక అంకె, దాని ప్రక్కన సహజపరిమితి యను శీర్షిక క్రింద మరి రెండంకెలు. ఆ రెంటి నడుమ తన అంకె ఇమిడినచో ఇంటిల్లిపాదికి ఊరట. ఇమడక, దళసరి అక్షరములలో హై అనియో లో అనియో అచ్చుపడినచో ఆ రాత్రి ఎవరికిని నిద్ర లేదు. ఒక కాగితము ఒక కుటుంబమునంతను ఇట్లు కలవరపెట్టగలుగుచున్న కాలములో, ఆ అంకెలు ఎట్లు పుట్టినవి, ఏమి చెప్పగలవు, ఏమి చెప్పజాలవు అను విషయమును మొదటినుండి పరిశీలించుట అవసరమని తోచి ఈ వ్యాసమునకు పూనుకొంటిని.

శరీరములోని ఒక అవయవము రక్తము ద్వారా మరియొక అవయవమును శాసించుననుటకు స్పష్టమైన నిదర్శనమును 1849లో గొట్టింగెన్ నగరమున ఆర్నోల్డ్ బెర్తోల్డ్ చూపెను. వృషణములు తీసివేసిన కోడిపుంజులు తురాయి వాడి, కూత మాని, పోట్లాట మరచిపోయెను. అవే వృషణములను వాటి కడుపులో వేరొక చోట అమర్చగా, పూర్వపు నరముల సంబంధము తెగిపోయినను, తురాయి మరల ఎఱ్ఱబడెను, కూత మరల మొదలయ్యెను. అయితే ఆ రక్తపు సందేశమును వేరుచేసి కంటితో చూచుటకు ఎనుబదేండ్లు పట్టినది. గర్భవతుల మూత్రమునుండి ఈస్ట్రోజెన్ జాతికి చెందిన ఈస్ట్రోను అమెరికాలో ఎడ్వర్డ్ డాయిజీ, జర్మనీలో అడాల్ఫ్ బ్యూటెనాంట్ ఒకరితో నొకరికి సంబంధము లేకయే 1929లో వేరుచేసిరి. 1931లో బ్యూటెనాంట్ పోలీసు జవానులనుండి సేకరించిన సుమారు 15,000 లీటర్ల మూత్రమును వడగట్టి, మరగించి, తుదకు 15 మిల్లీగ్రాముల పురుషహార్మోనును మాత్రము పొందగలిగెను. ఈ పదార్థములు శరీరమున ఎంత స్వల్పముగా సంచరించునో, వాటిని కొలుచుట ఎంత దుష్కరమో ఈ ఒక్క ఉదంతమే చెప్పును. ఆ దినములలో హార్మోనును కొలుచుట యనగా ఎలుకలకో, కుందేళ్లకో, కప్పలకో సూదివేసి వాటి శరీరములో కలుగు మార్పును చూచుటయే.

ఈ స్థితిని మార్చినవారు న్యూయార్కు నగరములోని మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసిన రోజలిన్ యాలో, సాల్మన్ బెర్సన్ అను ఇరువురు. ఇన్సులిన్ సూదులు వేయించుకొనువారి రక్తములో ఆ ఇన్సులిన్‌ను పట్టుకొను ప్రతిరక్షకములు పుట్టునని వారు కనుగొనగా, నాటి పండితులు నమ్మలేదు. ఒక ప్రముఖ పత్రిక వారి వ్యాసమును త్రోసిపుచ్చెను. ప్రతిరక్షకము హార్మోనును పట్టుకొనునన్నది నిజమైనచో ఆ పట్టునే కొలబద్దగా వాడవచ్చునను ఊహ వారికి పుట్టి, 1960 నాటికి సంపూర్ణమైన పద్ధతిగా రూపొందినది. గ్రాములో లక్షకోట్ల వంతును సైతము కొలుచుటకు మానవునికి శక్తి కలిగినది. వారు ఆ పద్ధతికి పేటెంటు తీసికొనలేదు. బెర్సన్ 1972లో మరణించెను. 1977లో యాలోకు నోబెల్ బహుమానము లభించినప్పుడు ఆమె తన ప్రసంగములో ఆ పూర్వపు తిరస్కారలేఖను ప్రకటించెను. నేటి మన ప్రయోగశాలలలో రేడియోధార్మిక పదార్థమునకు బదులు కాంతిని వెలువరించు రసాయనములు వచ్చినవి గాని, పట్టుకొనునది ఆ ప్రతిరక్షకమే. ఆ పట్టు ఒక్కొక్కప్పుడు మోసపోవునన్న సంగతి ముందు చెప్పుదును.

మన దేశమున ఈ శాస్త్రమును తలచుకొనునప్పుడు కలకత్తా వైద్యుడు సుభాష్ ముఖోపాధ్యాయను మరువరాదు. ఎడింబరోలో హార్మోనులను కొలుచు పద్ధతులపై పరిశోధనచేసి వచ్చిన ఆయన, హార్మోను సూదులతో అండములను ఎక్కువగా పండించి, దేహము వెలుపల ఫలదీకరణము చేసి, పిండమును ఘనీభవింపజేసి దాచి, తరువాత గర్భములో నిలిపెను. ఆ శిశువు 1978 అక్టోబరు 3న జన్మించినది. ఇంగ్లండులో ప్రపంచపు తొలి పరీక్షనాళిక శిశువు లూయీ బ్రౌన్ పుట్టి అప్పటికి 70 దినములే. లూయీ తల్లికి హార్మోను సూదులు వాడక, మూత్రములో ఎల్.హెచ్. అను హార్మోను పొంగును గంటల లెక్కన కనిపెట్టియుండి సహజముగా పండిన ఒక్క అండమునే తీసిరి. సుభాష్ త్రొక్కిన త్రోవయే తరువాతి ప్రపంచమంతయు నడచిన త్రోవ. ప్రభుత్వము నియమించిన సంఘము ఆయన మాట నమ్మలేదు. 1981లో ఆయన ప్రాణత్యాగము చేసికొనెను. 1997లో, మన దేశపు తొలి పరీక్షనాళిక శిశువును సృజించిన కీర్తి తనకున్న టి.సి. ఆనందకుమార్ స్వయముగా సుభాష్ వ్రాతలను పరిశీలించి, ఆ గౌరవము సుభాష్‌దేయని ప్రకటించెను. విజ్ఞానచరిత్రలో ఇంతటి ఔదార్యము అరుదు.

ఇక విషయములోనికి వత్తము. సంతానమునకు సంబంధించిన హార్మోనులు మూడంతస్తులలో పనిచేయును. మెదడు అడుగున హైపోథలమస్ అను భాగము గంటకో, గంటన్నరకో ఒక మారు చిన్న అలవలె ఒక సందేశమును విడుచును. దాని క్రిందనున్న పీయూషగ్రంథి ఆ సందేశమును అందుకొని ఎఫ్.ఎస్.హెచ్., ఎల్.హెచ్. అను రెంటిని రక్తములోనికి పంపును. అవి స్త్రీలో అండాశయమును, పురుషునిలో వృషణములను మేల్కొల్పగా, అక్కడనుండి ఈస్ట్రాడియాల్, ప్రొజెస్టెరోన్, టెస్టోస్టెరోన్ బయలుదేరి తిరిగి మెదడునకు వార్త చేర్చును. ఆ పై సందేశము అలలుగా వచ్చుటయే ప్రాణమని ఎర్నెస్ట్ నాబిల్ కోతులపై చేసిన ప్రయోగములలో నిరూపించెను: గంటకొక మారు ఇచ్చినప్పుడు పీయూషగ్రంథి పనిచేసినది, ఎడతెగక ఇచ్చినప్పుడు మౌనము వహించినది. క్రింది అవయవము చక్కగా బదులు పలికినంతకాలము పీయూషగ్రంథి మెల్లగా మాటాడును. బదులు తగ్గినకొలది, వినికిడి మందగించిన తాతను పిలుచునప్పుడు మనము గొంతు పెంచినట్లు, అది తన స్వరమును హెచ్చించును. ఎఫ్.ఎస్.హెచ్. పెరుగుట యనగా అండాశయముగాని వృషణముగాని అలసినదను సూచన. ఎఫ్.ఎస్.హెచ్. తక్కువగానుండి ఈస్ట్రాడియాల్ కూడ తక్కువైనచో లోపము మీది అంతస్తులలో నున్నది. కావున జంటలో ఒకదానిని విడిచి రెండవదానిని చదువుట ఉత్తరము చూడక ప్రత్యుత్తరమును మాత్రము చదువుటయే యగును.

సహజపరిమితి యనబడునది చాలమంది తలంచునట్లు ఆరోగ్యమునకును అనారోగ్యమునకును నడుమ గీచిన గీత కాదు. ఆరోగ్యవంతులను కొందరిని ఎన్నుకొని, వారి ఫలితములను వరుసగా పేర్చి, నడుమనున్న నూటికి తొంబదియైదుగురి అంకెలను ప్రమాణముగా గైకొని, రెండు కొసలయందున్న అయిదుగురిని వెలుపల వదలివేయుదురు. వెలుపలనున్న ఆ అయిదుగురును ఆరోగ్యవంతులే. ఒకదానితో నొకటికి సంబంధము లేని పరీక్షలు ఇరువది ఒకేసారి చేయించినచో, ఏ రోగమును లేని మనిషికి కూడ కనీసము ఒకటియైనను పరిమితి దాటుటకు నూటికి 64 పాళ్లు అవకాశమున్నది. ఫెర్టిలిటీ ప్యాకేజి, ఉమెన్ వెల్‌నెస్ ప్యాకేజి యను పేర్లతో ఇన్ని పరీక్షలు ఇంత ధరకు అని ప్రకటించి అమ్ముటను నేను గర్హించుటకు ఇదియే ముఖ్యకారణము. పైగా, కొలమానములు ప్రయోగశాలకొక తీరుగా నుండును. ఏ.ఎం.హెచ్. అను హార్మోను ఒకచోట నానోగ్రాములలో 2 అని వచ్చినది మరియొకచోట పికోమోలులలో 14 అని వచ్చును, రెండును ఒక్కటే. హైదరాబాదులో చేయించిన కాగితమును, లండనులోనో మెల్బోర్నులోనో కాపురమున్న కూతురు చేయించుకొన్న కాగితముతో పోల్చి ఏడు రెట్లు పెరిగినదని సంతోషించుటకు ముందు ఈ సంగతి తెలిసియుండవలెను.

స్త్రీ విషయములో అంకెకంటె ముందు అడుగవలసినది దినము. నెలసరి మొదలైన రెండవ దినమునుండి నాల్గవ దినములోపల తీసిన రక్తములోనే ఎఫ్.ఎస్.హెచ్. అర్థవంతమగును; నడుమ దినములలో అది సహజముగానే పొంగును. రక్తస్రావము స్పష్టముగా కనబడిన దినమే మొదటి దినము. ముందునాటి మరకను లెక్కింపరాదు. స్నానము చేసిన నాటినుండి లెక్కించు అలవాటున్న ఇంటి స్త్రీ తన దినములను చెప్పినప్పుడు నర్సు ఆ సంగతి అడిగి తెలిసికొననిచో లెక్క అంతయు తారుమారగును. ఎఫ్.ఎస్.హెచ్.తో కూడ ఈస్ట్రాడియాల్‌ను చూడవలెననుటకు కారణమున్నది. అండాశయము వడలుచున్నప్పుడు కొందరిలో ఈస్ట్రాడియాల్ నెల మొదటనే పెరిగి, ఎఫ్.ఎస్.హెచ్.ను అణచివేసి, ఆ అంకెను చక్కని సహజరూపములో చూపించును. ఎఫ్.ఎస్.హెచ్. 7 చూచి ఊరట చెందిన వైద్యుడు, ప్రక్కనే ఈస్ట్రాడియాల్ 90 అని యున్నదానిని చూడనిచో మోసపోయినట్లే.

ఇంతకంటె విచారకరమైనది ఇరువదియొకటవ నాటి ప్రొజెస్టెరోన్ కథ. అండము విడుదలయైన పిమ్మట, అది వెడలిన పొక్కు పసుపుపచ్చని చిన్న గ్రంథిగా మారి ప్రొజెస్టెరోన్‌ను స్రవించును. వారము దినములకు అది ఉచ్చస్థితికి వచ్చును. ఇరువదియెనిమిది దినముల చక్రము గలవారికి ఆ దినము ఇరువదియొకటవది. ముప్పదియైదు దినముల కొకమారు నెలసరి వచ్చు స్త్రీకి ఇరువదియొకటవనాడు అండము అప్పుడే విడుదలగుచుండును. ఆమెకు రక్తము తీయవలసినది ఇరువదియెనిమిదవ నాడు. ఈ చిన్న కూడికను చేయక, ఇరువదియొకటవనాడు రక్తము తీసి, ప్రొజెస్టెరోన్ లేదని, అండము విడుదల కాలేదని తేల్చి, అండము పండించు మాత్రలను వ్రాయుట మన ఊళ్లలో తరచుగా జరుగుచున్నది. ఆ హార్మోను కూడ అలలుగానే వచ్చును గనుక, ఒకే స్త్రీలో ఒకే పూట గంటన్నర వ్యవధిలో ఎన్నో రెట్లు హెచ్చుతగ్గులు కలుగును. మిల్లీలీటరునకు 3 నానోగ్రాములు దాటినచో అండము విడుదలయైనదని చెప్పవచ్చును. 8 వచ్చినదా 18 వచ్చినదా అని తారతమ్యములు వెదకుట నిష్ఫలము. నెలనెలా వేళ తప్పక నెలసరి వచ్చు స్త్రీలో అండము విడుదలగుచున్నదనుటకు ఆ క్రమమే చాలవరకు సాక్ష్యము.

ఇప్పుడు యువతులను అన్నిటికంటె ఎక్కువగా భయపెట్టుచున్న పరీక్షకు వత్తును. ఏ.ఎం.హెచ్. అనునది అండాశయములో ఎదుగుచున్న చిన్న పొక్కుల గోడలనుండి పుట్టును. నెలలో ఏ దినమున చూచినను పెద్దగా మారదు. ఆడుశిశువు పుట్టునాటికి అండాశయములలో పది ఇరువది లక్షల అండబీజములుండి, రజస్వల యగునాటికి మూడు నాలుగు లక్షలకు తగ్గి, జీవితమంతటిలో నాలుగువందలు మాత్రము పండి వెలువడును. ఈ నిధి ఎంత మిగిలినదో ఏ.ఎం.హెచ్. స్థూలముగా సూచించును. సూదులు వేసి అండములను పండించునప్పుడు ఎన్ని లభించునో, మందు మోతాదు ఎంత ఉండవలెనో నిర్ణయించుటకు అది నిజముగా ఉపకరించును. అయితే మిగిలిన అండముల మేలిమిని గూర్చి అది ఏమియు చెప్పదు. మేలిమిని నిర్ణయించునది ప్రధానముగా వయస్సు. ముప్పది ఏండ్ల స్త్రీకి ఏ.ఎం.హెచ్. తక్కువైనను అండములు ముప్పది ఏండ్లవే. నలుబదిమూడేండ్ల స్త్రీకి అది ఎక్కువైనను అండములు నలుబదిమూడేండ్లవే. సంతానలేమి చరిత్ర లేని, ముప్పది మొదలు నలుబదినాలుగేండ్ల వరకు వయస్సుగల అమెరికా స్త్రీలను వరుసగా గమనించి 2017లో ప్రకటించిన ఒక అధ్యయనములో, ఏ.ఎం.హెచ్. తక్కువైనవారు మిగిలినవారికి తీసిపోకుండ సహజముగానే గర్భము ధరించిరి. సంతాననిరోధక మాత్రలు వాడునంతకాలము ఈ అంకె తగ్గి కనబడును. ఒక యంత్రముపై వచ్చినది మరియొక యంత్రముపై రాదు.

ఇంత తెలిసిన పిమ్మటను, పెండ్లి కాని ఇరువదియారేండ్ల పిల్ల చేతిలో ఏ.ఎం.హెచ్. కాగితముంచి, గుడ్లు అయిపోవుచున్నవి, వెంటనే ఏదైన నిర్ణయించుకొనుము అని చెప్పుట వైద్యధర్మమని నేను ఒప్పుకొనజాలను. కేన్సరు చికిత్సకు పోవు యువతికి, తల్లికో అక్కకో నలుబదికి ముందే ముట్లుడిగిన ఇంటి పిల్లకు, అండాశయముపై శస్త్రచికిత్స జరుగబోవు స్త్రీకి ఆ పరీక్ష అవసరము. వారు ముందుగా తెలిసికొనవలెను. నలుబదేండ్లు నిండని స్త్రీకి నెలసరి నాలుగు నెలలు కానరాకుండి ఎఫ్.ఎస్.హెచ్. 25 దాటినచో, అండాశయము అకాలమున అలసినదని శంకించి, సందేహమున్నచోట నాలుగు వారముల పిమ్మట మరల చూచి నిర్ధారింతురు. ఆ నిర్ధారణ జరిగినవారికి సంతానముతో పాటు ఎముకల బలమును, గుండె ఆరోగ్యమును గూర్చి కూడ ఆలోచింపవలసియుండును. ఆ మాట చెప్పువారు మనలో తక్కువ.

పాలను పుట్టించు ప్రొలాక్టిన్ ఎక్కువైనచో అది పైసందేశపు అలలను అణచి నెలసరిని ఆపివేయును. కాని ఇంతటి చంచలమైన హార్మోను మరియొకటి లేదు. నిద్రనుండి అప్పుడే లేచినను, భోజనము చేసినను, పరుగెత్తి వచ్చినను, సూదికి భయపడినను అది పెరుగును. కావున కొద్దిగా పెరిగిన ప్రొలాక్టిన్‌ను మరియొక దినమున, లేచిన రెండు మూడు గంటలకు, కాసేపు కూర్చుండబెట్టి మరల చూడవలెను. అప్పటికిని పెరిగియున్నచో అడుగవలసిన మొదటి ప్రశ్న మందుల విషయము. మన మందుల దుకాణములలో గ్యాసునకని అడిగినంతనే ఇచ్చు మాత్రలలో చాలవాటియందు డామ్‌పెరిడోన్ గాని లెవోసల్పిరైడ్ గాని కలిసియుండును. రెండును ప్రొలాక్టిన్‌ను పెంచునవే. మానసిక వ్యాధులకు వాడు రిస్పెరిడోన్ కూడ అట్టిదే. గ్యాసు మాత్ర ఆపినంత మాత్రమున తీరిపోవు దానికి మెదడు స్కానింగు తీయించుట, ఆ స్కానింగులో కనబడిన ఏదో చిన్న మచ్చను గూర్చి ఏండ్లతరబడి బెంగపడుట నిష్కారణమైన దుఃఖము. ఇంకొక చిక్కు గలదు. కొందరి రక్తములో ప్రొలాక్టిన్ ప్రతిరక్షకముతో కలిసి పెద్ద ముద్దయై, శరీరముపై ప్రభావము లేకయే, యంత్రమునకు మాత్రము ఎక్కువగా కనబడును. దీనికి విరుద్ధముగా, పీయూషగ్రంథిలో పెద్ద కంతి యుండి ప్రొలాక్టిన్ వేలకొలది పెరిగినప్పుడు, యంత్రములోని ప్రతిరక్షకములు పట్టజాలక అంకె తక్కువగా వచ్చును. రక్తమును పలుచన చేసి మరల కొలిచినప్పుడు గాని నిజము బయటపడదు.

ప్రొలాక్టిన్ పెరిగినవారిలో థైరాయిడ్ అను అవటుగ్రంథిని పరీక్షింపక ముందుకు పోరాదు. అవటుగ్రంథి మందగించుటయే దానికి కారణము కావచ్చును. హైదరాబాదు సహా మన దేశములోని ఎనిమిది నగరములలో జరిపి 2013లో ప్రకటించిన సర్వేలో పెద్దవారిలో నూటికి సుమారు పదకొండుగురికి ఆ మాంద్యము కనబడినది. దాని చికిత్స సులభము, చౌక, ఫలము నిశ్చితము. గర్భిణులలో మొదటి మూడు నెలలు, థైరాయిడ్‌ను మేల్కొల్పు పీయూషగ్రంథి హార్మోనైన టి.ఎస్.హెచ్. సహజముగానే తగ్గుననియు, ఆ తగ్గుదల చూచి కంగారుపడరాదనియు తెలిసియుండుట మేలు. టి.ఎస్.హెచ్. ఒక్కటే చూచి థైరాయిడ్ బాగున్నదనుకొని మోసపోవు సందర్భమొకటి కలదు. కాన్పు వేళ విపరీతముగా రక్తము పోయినప్పుడు పీయూషగ్రంథికి రక్తమందక అది ఎండిపోవుటను షీహాన్ వ్యాధి యందురు. బాలెంతకు పాలు పడవు, నెలసరి తిరిగి రాదు, ఎడతెగని నీరసము. గ్రంథియే దెబ్బతిన్నందున టి.ఎస్.హెచ్. పెరుగదు, సహజపరిమితిలోనే నిలిచి చూచువారిని మభ్యపెట్టును. థైరాయిడ్ స్రవించు టి4 చూచినప్పుడే లోపము తెలియును. ఇంటివద్ద కాన్పు, ఆలస్యముగా చేరిన ఆసుపత్రి, పాలు పడలేదన్న మాట — ఈ మూడును అడిగి తెలిసికొన్న వైద్యునికి సగము నిర్ధారణ రక్తము తీయకమునుపే జరిగిపోవును.

పీసీఓడీ ఉన్నదను మాట నేడు కాలేజీ పిల్లల నోట కూడ వినబడుచున్నది. 1935లో స్టైన్, లెవెంతాల్ అను చికాగో వైద్యులు ఏడుగురు స్త్రీలలో వర్ణించిన ఈ స్థితికి, 2003లో రాటర్‌డామ్‌లో కూడిన నిపుణులు మూడు లక్షణములు నిర్ణయించి, వానిలో రెండున్న చాలుననిరి: నెలసరి వేళ తప్పుట, పురుషహార్మోను ఎక్కువగుట, స్కానింగులో అండాశయము నిండ చిన్న పొక్కులుండుట. పురుషహార్మోను ఎక్కువగుటను ముఖముపై వెండ్రుకల ద్వారానైనను రక్తములోనైనను గుర్తింపవచ్చును. ఎల్.హెచ్.కును ఎఫ్.ఎస్.హెచ్.కును గల నిష్పత్తిని పట్టి చెప్పు పాతపద్ధతి ఈ నిర్వచనములో చేరలేదు. అయినను ఆ నిష్పత్తి తిరుగబడినదని చెప్పి ఇప్పటికిని పిల్లలను బెదరించుచున్నారు. రజస్వలయైన మొదటి కొన్ని ఏండ్లు నెలసరి అస్తవ్యస్తముగా నుండుట సహజమనియు, ఆ వయస్సులో స్కానింగు చూచి పీసీఓడీ అని ముద్రవేయరాదనియు నేటి శాస్త్రము స్పష్టముగా చెప్పుచున్నది. టెస్టోస్టెరోన్ స్త్రీలలో పురుషులకంటె ఎంతో తక్కువగా నుండును గనుక, ఆ స్వల్పపరిమాణములో సామాన్యయంత్రములు తడబడును. కొద్దిపాటి హెచ్చుతగ్గులకు విలువ ఈయరాదు. అంకె 150, 200 దాటి, గొంతు బొంగురుపోయి, లక్షణములు కొద్దినెలలలోనే ముదిరినప్పుడు మాత్రము కంతిని శంకించి త్వరపడవలెను. మన తెలుగునాట మరువరానిది మేనరికము. అధివృక్కగ్రంథిలో ఒక ఎంజైము లోపించు వ్యాధి తలిదండ్రులిద్దరినుండియు వచ్చిన జన్యువులవలన కలుగును. దాని తేలికపాటి రూపము అచ్చముగా పీసీఓడీ వలెనే కనబడును. నెల మొదటి దినములలో ఉదయమున తీసిన రక్తములో 17-హైడ్రాక్సీ ప్రొజెస్టెరోన్ చూచినచో ఈ రెంటిని వేరుచేయవచ్చును. మేనమామ కూతురినో అక్క కూతురినో పెండ్లాడిన వంశములలో ఈ ప్రశ్న అడుగక తప్పదు.

ఇంతవరకు వ్రాసినది చాలవరకు స్త్రీని గూర్చియే. నిజమునకు పరీక్షలు కూడ అట్లే జరుగుచున్నవి. కోడలికి నాలుగేండ్లు రక్తము తీసి, స్కానింగులు తీసి, గర్భాశయమును కడిగి, తరువాత ఎవరో గుర్తుచేయగా కుమారునికి వీర్యపరీక్ష చేయించిన కుటుంబములు ప్రతి ఊరిలోను కలవు. సంతానలేమిలో పురుషుని పాలు స్వల్పము కాదు. వీర్యపరీక్ష సూదిలేనిది, చౌకయైనది. దానిని మొదటిదినముననే చేయవలెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో ప్రకటించిన గ్రంథము ప్రకారము మిల్లీలీటరునకు 1 కోటి 60 లక్షల శుక్రకణములు, నూటికి 42 కదలిక, నూటికి 4 సక్రమమైన ఆకృతి — ఇవి కనిష్ఠప్రమాణములు. ఏడాదిలోపల తండ్రులైనవారిలోనే నూటికి అయిదుగురు ఈ గీతల క్రిందనుండిరి. కావున గీత దిగువనున్నవాడు తండ్రి కాజాలడనుట తప్పు. ఆకృతి నూటికి నాలుగే సక్రమమనగా తొంబదియారు చెడినవని విలపించువారికి, సంతానవంతుల ప్రమాణమే అంతయని నిదానముగా చెప్పవలెను.

శుక్రకణములు బాగుగా తగ్గినప్పుడే పురుషునికి హార్మోను పరీక్షలు. ఎఫ్.ఎస్.హెచ్. హెచ్చైనచో వృషణము దెబ్బతిన్నది. ఎఫ్.ఎస్.హెచ్., ఎల్.హెచ్., టెస్టోస్టెరోన్ మూడును తక్కువైనచో లోపము మెదడులో. దానిని సూదులతో సరిదిద్ది సంతానము పొందినవారు అనేకులు. సంతానలేమి వైద్యములో ఇంత సంతోషకరమైన నిర్ధారణ తక్కువ. ఎఫ్.ఎస్.హెచ్. సహజముగానుండి శుక్రకణములే లేనిచో త్రోవ మూసుకొని యుండవచ్చును. వై క్రోమోజోములోని తునకలు లోపించుటవలన శుక్రకణములు పుట్టకపోవుటను మన హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు భారతీయపురుషులలో పరిశోధించి ప్రకటించిరి. అట్టివానికి హార్మోను మందులు వాడుట వృథా. టెస్టోస్టెరోన్ ఉదయమున ఎక్కువ, సాయంకాలమునకు తక్కువ. ఉదయము పదిగంటలలోపల, పరగడుపున, రెండు వేర్వేరు దినములలో చూచినగాని లోపమనరాదు. స్థూలకాయులలో దానిని మోయు ప్రొటీను తగ్గుటచే మొత్తము అంకె తగ్గినను, పనిచేయు భాగము సరిపోవుచుండవచ్చును. ఆ మొత్తము అంకె 280 వచ్చినదని, నీరసముగా నున్నదని టెస్టోస్టెరోన్ సూదులు వేయించుకొనుచున్న యువకులకు, జిమ్ములో ఎవరో ఇచ్చిన సూదులు పొడిపించుకొనుచున్న కుఱ్ఱలకు చేతులు జోడించి చెప్పవలసిన మాట యొకటున్నది. బయటినుండి వచ్చిన టెస్టోస్టెరోన్‌ను చూచి మెదడు తన సందేశమును మానివేయును. వృషణములో శుక్రకణముల ఉత్పత్తి ఆగిపోవును. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1990 ప్రాంతమున ఇవే సూదులను పురుషులకు సంతాననిరోధకముగా ప్రయోగించి చూచినది. బిడ్డకొఱకు తపించుచున్న పురుషునికి ఈ మందును వ్రాయుటకంటె ఘోరమైన పొరపాటు ఈ రంగమున లేదు.

ప్రతిరక్షకము మోసపోవునని ముందు చెప్పితిని. జుట్టు రాలుచున్నదని బయోటిన్ మాత్రలు మ్రింగువారు నేడు ఇంటికొకరున్నారు. అనేక యంత్రములలో బయోటిన్ పట్టునే జిగురుగా వాడుదురు గనుక, రక్తములో అది ఎక్కువైనప్పుడు టి.ఎస్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్. వంటివి లేనిపోని తగ్గుదలను, టి4, ఈస్ట్రాడియాల్, టెస్టోస్టెరోన్ వంటివి లేనిపోని హెచ్చును చూపును. దీనిపై అమెరికా ఔషధసంస్థ 2017లో హెచ్చరిక జారీచేసినది. రక్తమిచ్చుటకు రెండు మూడు దినములు ముందుగా ఆ మాత్ర ఆపినచో చాలును. పెద్దమోతాదు వాడువారు వైద్యునితో చెప్పి మరికొన్ని దినములు ఆపవలెను.

హార్మోను పరీక్షలన్నియు చక్కగా నున్నవని సంతోషించువారు, అవి అండనాళములను గూర్చి ఒక్కమాటయు చెప్పవని గుర్తింపవలెను. మన దేశములో క్షయ గర్భాశయమునకు, అండనాళములకు ప్రాకి, జ్వరముగాని దగ్గుగాని లేకయే వాటిని మూసివేయుట కలదు. అట్టి స్త్రీలలో ప్రతి హార్మోనును సహజముగానే యుండును.

నలుబదియైదు దాటి, నెలసరి తడబడుచు, ఒళ్లు వేడెక్కి చెమటలు పట్టు స్త్రీకి ఎఫ్.ఎస్.హెచ్. చూడవలసిన పనియే లేదు. ఆ వయస్సు, ఆ లక్షణములు చాలును, ఆ దశలో ఆ అంకె వారమువారమునకు ఎగిరిపడును. అయితే ఆ పరీక్ష నిజముగా ఉపకరించు స్త్రీలు మనలో లెక్కకు మిక్కిలిగా నున్నారు. 2015–16 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో పదునైదు మొదలు నలుబదితొమ్మిదేండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటను నూటికి మూడు చిల్లర కాగా, ఆంధ్రప్రదేశములో 8.9, తెలంగాణములో 7.7, దేశములో ఇంతటి సంఖ్యలు మరెచ్చటను లేవు. తెల్లబట్ట యనియు, నడుమునొప్పి యనియు ముప్పది ముప్పదియైదేండ్లకే తీయించుకొనిన కూలి స్త్రీలు వీరిలో ఎందరో. గర్భసంచి పోయినవారికి నెలసరి యను గుర్తు ఉండదు. అండాశయములు ఎప్పుడు అలసినవో తెలియదు. వాటిని కూడ తీసివేసియున్నచో ఆనాటినుండియే ముట్లుడిగిన దశ. గర్భసంచి తీసినారని మాత్రమే వారికి తెలియును. అండాశయములు ఉన్నవో పోయినవో చెప్పినవారు లేరు, వ్రాసియిచ్చిన కాగితము లేదు. ముప్పదియెనిమిదేండ్లకే ఎముకలు నొచ్చుచున్నవని, నిద్రపట్టదని వచ్చిన ఇట్టి స్త్రీని చూచిన ప్రతి వైద్యుడును ఆపరేషను కాగితమును అడిగి, అది లేనిచో స్కానింగులో అండాశయములను వెదకి, ఎఫ్.ఎస్.హెచ్., ఈస్ట్రాడియాల్ ఒక్కసారి చూడవలెను. అండాశయములు అకాలమున ఉడిగినట్లు తేలినచో, చికిత్స తగనివారిని మినహాయించి, సహజముగా ముట్లుడుగు వయస్సు వచ్చువరకు ఈస్ట్రోజెన్ ఇచ్చుట నేటి వైద్యము అంగీకరించిన మార్గము. అండాశయములను ఉంచిరో తీసిరో తెలుగులో ఒక్క వాక్యము వ్రాసి, ఆపరేషనైన స్త్రీ చేతికిచ్చి పంపుటకు ఏ ఆసుపత్రికిని ఖర్చు కాదు.